పెద్దాసుపత్రిలో ఆఫీసు మనిషి ఎట్లా తయారవుతాడు?

చేరిన మొదటి వారంలోనే నేను ఉరుకుందమ్మ అనే ఒక తల్లి పేరు తప్పు ఎక్కించాను. కర్నూలు జిల్లా వాళ్లకు ఉరుకుందమ్మ అనే పేరు కొత్తేమీ కాదు. కౌతాళం మండలంలో ఉరుకుంద ఈరన్న స్వామి గుడి ఉంది, శ్రావణ మాసం వస్తే ఆ దారంతా జనమే, ఆ స్వామి పేరు పెట్టుకున్నవాళ్లు ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి వైపు వీధికి నలుగురైనా ఉంటారు. ఈరన్న, వీరన్న, ఉరుకుందు, ఉరుకుందప్ప, ఈరమ్మ, ఉరుకుందమ్మ, ఇట్లా ఒకే మనిషిని ఇంట్లో ఒకటి పిలుస్తారు, రేషన్ కార్డులో ఇంకొకటి ఉంటుంది, ఆధార్‌లో మూడోది పడి ఉంటుంది. నేను అప్పుడే ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో అవుట్‌సోర్సింగ్ కింద డేటా ఎంట్రీ ఆపరేటర్‌గా చేరాను. కాన్పు వార్డు నుంచి వచ్చిన కాగితంలో 'ఈరమ్మ' అని ఉంది, అట్లాగే కొట్టేశాను.

కొన్ని నెలలకు ఆమె బిడ్డను చంకనేసుకుని మా గది ముందు నిలబడింది. "పాపకు ఆధార్ తీయాలంటే తల్లి పేరు కలవలేదంటుండారమ్మా. కనింది నేనే కదా, నా పేరెట్ల మారిపాయ?" అని అడిగింది. ఆమె గొంతులో కోపం లేదు, నిజంగా అర్థం కాక అడుగుతోంది. నాకు ఏం చెప్పాలో తెలియలేదు. పక్క సీటులో ఉన్న రికార్డు అసిస్టెంటు, రిటైర్మెంటుకు దగ్గరపడిన పెద్దాయన, ఆమెను కూర్చోబెట్టి, జనన మరణాల నమోదు చట్టం 1969లోది అని, అందులో 15వ సెక్షన్ కింద తప్పును దిద్దవచ్చని, పాత ఎంట్రీని కొట్టేయకుండా పక్కన మార్జిన్‌లో సరైనది రాసి రిజిస్ట్రార్ సంతకం, తేదీ వేస్తారని, దానికి ఏయే కాగితాలు తేవాలో ఓపికగా చెప్పాడు. ఆమె వెళ్లాక నా వైపు తిరిగి, "పాపా, పేరు కొట్టేముందు ఆధార్ అడుగు. ఆధార్ లేకుంటే పుట్టినూరు అడుగు, ఇంటిపేరు అడుగు. వార్డు కాగితాన్ని నమ్మొద్దు, వాళ్లు కాన్పు చూసుకుంటా రాసింటారు" అన్నాడు.

అంతవరకు నేను టైపు చేసేదాన్ని అనుకుంటున్నాను. నేను ఆసుపత్రిలో పనిచేస్తున్నాను అనే సంగతి ఆ రోజు తెలిసింది.

ఈ వ్యాసం దాని గురించే. ప్రభుత్వ ఆసుపత్రుల్లో, డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసుల్లో పనిచేసే జూనియర్ అసిస్టెంట్లు, సీనియర్ అసిస్టెంట్లు, సూపరింటెండెంట్లు, రికార్డు సిబ్బంది, ఆపరేటర్లు, ఆరోగ్యమిత్రలు తమను తాము ఏమని అనుకుంటారు, ఆ అనుకోవడం ఎక్కడ నుంచి వస్తుంది, అది రోగి మీద ఎట్లా పడుతుంది? డాక్టర్ల గురించి, నర్సుల గురించి చాలామంది రాస్తారు. వీళ్ల గురించి రాసేది తక్కువ, తిట్టేది ఎక్కువ. నేను ఐదేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నాను కాబట్టి తిట్లలో ఎంత నిజముందో తెలుసు, ఎంత లేదో కూడా తెలుసు.

ముందు ఈ మనుషులు ఎవరో చూడాలి, ఎందుకంటే బయటి నుంచి చూస్తే అందరూ ఒకటే అనిపిస్తారు. ఒకే గదిలో నాలుగు టేబుళ్లు ఉంటే నాలుగు రకాల ఉద్యోగాలు ఉండొచ్చు. ఒకరు రెగ్యులర్. ఒకరు కాంట్రాక్టు, 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద వచ్చిన అకౌంటెంటో, ప్రోగ్రాం స్టాఫో. ఒకరు అవుట్‌సోర్సింగ్, మొదట ఏజెన్సీ కింద ఉండి 2020లో ఆప్కాస్ అనే ప్రభుత్వ అవుట్‌సోర్సింగ్ కార్పొరేషన్ వచ్చాక అందులోకి మారినవాళ్లు. ఇంకొకరు ఆరోగ్యశ్రీ ట్రస్టు తరఫున కూర్చునే ఆరోగ్యమిత్ర. పని ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటుంది, జీతం, సెలవు, భద్రత మాత్రం దేనికదే.

రెగ్యులర్ వాళ్లలోనూ తేడాలున్నాయి. మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న పెద్దాసుపత్రులు, అంటే కర్నూలు, అనంతపురం సర్వజన ఆసుపత్రులు, కడప రిమ్స్ లాంటివి వైద్య విద్య డైరెక్టరేట్ కిందకు వస్తాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ప్రజారోగ్య డైరెక్టరేట్ కింద ఉంటాయి. ఆదోని, హిందూపురం, ప్రొద్దుటూరు లాంటి ఊళ్లలోని ఆసుపత్రులు వైద్య విధాన పరిషత్ కింద నడిచాయి, దానికి 1986లో ప్రత్యేకంగా చట్టమే చేశారు. పరిషత్ స్వతంత్ర సంస్థ కాబట్టి అక్కడి ఉద్యోగులకు జీతాలు గ్రాంటు నుంచి రావాల్సి ఉండేది, మిగతా ప్రభుత్వ ఉద్యోగుల్లాగా మాకు కూడా నేరుగా ట్రెజరీ నుంచి వచ్చే 010 పద్దు కింద జీతం ఇవ్వండి అని వాళ్లు ఏళ్ల తరబడి అడిగారు. బయటివాళ్లకు అది ఒక నంబరు. ఆ నంబరు కోసం ధర్నా చేసినవాళ్లను అడగండి, మేం ప్రభుత్వ ఉద్యోగులమా కాదా అన్న ప్రశ్న అందులో ఉంది అంటారు.

ఇక వీళ్లు ఉద్యోగంలోకి ఎట్లా వస్తారు? కొందరు గ్రూప్ 4 రాసి వస్తారు. వాళ్లు రాసింది జూనియర్ అసిస్టెంట్ పోస్టు కోసం, ఆసుపత్రి కోసం కాదు. రెవెన్యూ వస్తుందేమో, ట్రెజరీ వస్తుందేమో అని ఎదురుచూస్తే వైద్య ఆరోగ్య శాఖ అలాట్ అవుతుంది. ఇంట్లో వాళ్లు "పోనీలే, గవర్నమెంటు ఉద్యోగం కదా" అంటారు. మొదటి రోజు జాయినింగ్ రిపోర్ట్ ఇవ్వడానికి ఓపీ ముందు నుంచి నడిచి వెళ్తుంటే ఫినాయిల్ వాసన, స్ట్రెచర్ మీద ఎవరో, గోడవారగా అన్నం తింటున్న అటెండెంట్లు కనిపిస్తారు. ఇదేం ఆఫీసు అనిపిస్తుంది.

ఇంకో దారి కారుణ్య నియామకం. 1977 నుంచి మన రాష్ట్రంలో ఈ పథకం ఉంది, సర్వీసులో ఉండగా ఉద్యోగి చనిపోతే ఇంట్లో ఒకరికి జూనియర్ అసిస్టెంట్ స్థాయి వరకు ఉద్యోగం ఇస్తారు. నేను పనిచేసిన చోట ఇట్లా వచ్చినవాళ్లు నలుగురు ఉండేవాళ్లు. వాళ్ల గురించి కొంచెం ఆగి చెప్పాలి. తండ్రి పనిచేసిన సెక్షన్‌లోనే కూతురు చేరుతుంది. బీరువా తెరిస్తే పాత ఫైళ్ల మీద నాన్న చేతిరాత. సహోద్యోగులంతా నాన్న స్నేహితులు, 'ఏం తల్లీ' అని పిలుస్తారు, పనిలో తప్పు జరిగితే 'పోనీలే చిన్నపిల్ల' అంటారు. ప్రేమే, కాదనను. కానీ తన సొంత పేరుతో, తన సొంత పనితనంతో నిలబడటానికి ఆ అమ్మాయికి చాలా ఏళ్లు పడుతుంది. అన్నిటికంటే ముందు, ఆమె మొదటగా ఆ ఆసుపత్రికి వచ్చింది ఉద్యోగం కోసం కాదు, ఐసీయూ బయట కూర్చోవడం కోసం. రోగి బంధువు అంటే ఏమిటో ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేదు. అట్లాంటివాళ్లలో కొందరు కౌంటర్‌లో ఎంత మెత్తగా మాట్లాడతారో నేను చూశాను, కొందరు ఆ వార్డుల వైపే వెళ్లకుండా రిటైరయ్యేదాకా ఆఫీసు గదిలోనే ఉండిపోవాలని చూడటం కూడా చూశాను. రెండూ ఒకే దుఃఖం నుంచి వచ్చినవే.

డాక్టరు ఆసుపత్రికి అలవాటు పడటానికి ఏడాది పాటు హౌస్ సర్జన్ చేస్తాడు. నర్సు మూడేళ్లో నాలుగేళ్లో చదివి, అందులో సగం వార్డుల్లోనే గడిపి వస్తుంది. ఆఫీసు మనిషికి అట్లాంటిది ఏమీ లేదు. అతనికి దొరికేది 'చార్జి'. ఎ1 సీటో, బి2 సీటో అప్పగిస్తారు, ఇదిగో పర్సనల్ రిజిస్టరు, ఇవి పెండింగు తపాళ్లు, ఇది బీరువా తాళం. ప్రొబేషన్, ప్రమోషన్ కోసం డిపార్ట్‌మెంటల్ టెస్టులు రాయాలి, అందులో అకౌంట్స్ టెస్ట్ అంటే అందరికీ టెన్షనే. ఆ పరీక్షల్లో ట్రెజరీ నియమాలు, సెలవు నియమాలు, ఫైలు ఎట్లా నడపాలి అన్నవి ఉంటాయి. బిడ్డ చనిపోయిన తల్లికి డెత్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు ఎట్లా మాట్లాడాలి అన్నది ఏ పరీక్షలోనూ లేదు.

అందుకే మొదటి కొన్నేళ్లలో తయారయ్యేది సీటు మనిషి. ఎవరైనా ఫోన్ చేస్తే "బి2 మాట్లాడుతున్నా" అంటారు. ఎస్టాబ్లిష్‌మెంట్ అంటే ఉద్యోగుల ఇంక్రిమెంట్లు, సెలవులు, సర్వీస్ రిజిస్టర్లు. అకౌంట్స్ అంటే బిల్లులు. స్టోర్స్ అంటే ఇండెంట్లు, స్టాకు రిజిస్టర్లు. ఒక్కో సీటుకూ ఒక్కో గౌరవం, ఒక్కో భయం. సీటు మారితే మనిషి నడక కూడా మారడం చూశాను.

ఆ భయం గురించి బయటివాళ్లకు అసలు తెలియదు, నా లెక్కలో ఈ మొత్తం విషయానికి అదే మూలం. డాక్టరు తప్పు చేస్తే రోగికి తెలుస్తుంది. ఆఫీసు మనిషి తప్పు చేస్తే ఆడిట్‌కు తెలుస్తుంది, అదీ ఎన్నో ఏళ్ల తర్వాత. ఏజీ (అకౌంటెంట్ జనరల్) ఆడిట్ వచ్చి ఫలానా సంవత్సరంలో ఫలానా బిల్లుకు సరైన మంజూరు లేదు అని పేరా రాస్తే, అప్పటి సూపరింటెండెంట్ డాక్టరు బదిలీ అయిపోయి ఉంటాడు, ఫైలు రాసి పైకి పంపిన, అంటే పుటప్ చేసిన జూనియర్ అసిస్టెంట్ ఇనీషియల్ మాత్రం ఉంటుంది. రికవరీ అంటే జీతంలో కోత. రిటైరయ్యే ముందు 'నో డ్యూస్' రాక పెన్షన్ ఆగిపోయినవాళ్ల కథలు ప్రతి ఆఫీసులోనూ టీ తాగేటప్పుడు చెప్పుకుంటారు. కొత్తగా చేరినవాడు నియమాల పుస్తకం కంటే ముందు ఈ కథలు వింటాడు. కొద్ది రోజుల్లోనే అతనికి ఒక్కటి బాగా ఎక్కుతుంది, సంతకం పెట్టకపోతే ఎవరూ ఏమీ చేయలేరు, పెడితేనే చిక్కు.

ఇప్పుడు కౌంటర్ దగ్గరకు వచ్చిన మనిషిని తీసుకోండి. దేవనకొండ నుంచి బస్సెక్కి వచ్చాడు, కూలి పోయింది, తమ్ముడి యాక్సిడెంటుకు సంబంధించిన గాయాల సర్టిఫికెట్ కోసం మూడోసారి తిరుగుతున్నాడు. అది మెడికో లీగల్ కేసు, అడగాల్సింది పోలీసులు, వాళ్ల రిక్విజిషన్ లేకుండా ఇస్తే రేపు కోర్టులో ఎవరు నిలబడాలి? ఆఫీసు మనిషి "ఇవ్వడం కుదరదు" అంటాడు. అతను చెప్పింది నిజమే. కానీ ఎందుకు కుదరదో, ఎక్కడికి వెళ్లాలో, ఏ కాగితం తేవాలో చెప్పడానికి ఇంకో రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు ఇవ్వడం ఇవ్వకపోవడం దగ్గరే ఆ మనిషి తనను ఏమని అనుకుంటున్నాడో బయటపడుతుంది. నేను ఫైలు కాపాడటానికి ఉన్నాను అనుకుంటే మొదటి మాట దగ్గర ఆగిపోతాడు. నేను ఆసుపత్రి తరఫున కూర్చున్నాను అనుకుంటే, కుదరదు అని చెప్పాక, "చూడు నాయనా, స్టేషన్‌కి పోయి ఎస్సై దగ్గర ఇట్ల రాయించుకో" అని ఇంకో మాట కలుపుతాడు.

చాలామంది దీన్ని మంచితనం, చెడ్డతనం అని తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. ఒకే మనిషి ఉదయం పదకొండుకు మంచిగా, సాయంత్రం నాలుగుకు కసురుకుంటూ మాట్లాడటం చూశాను, మధ్యలో జరిగింది ఒక మెమో.

డాక్టర్లతో సంబంధం ఇంకో ముడి. పెద్దాసుపత్రిలో సూపరింటెండెంట్ అంటే ఇద్దరు ఉంటారు, ఆసుపత్రి మొత్తానికి అధిపతి అయిన డాక్టరు ఒకరు, ఆఫీసులో ఒక సెక్షన్ చూసే మినిస్టీరియల్ సూపరింటెండెంట్ ఇంకొకరు. ఒకే పదం. 'సూపరింటెండెంట్ గారు పిలుస్తున్నారు' అంటే ఏ సూపరింటెండెంట్ అని ఎవరూ అడగరు, అందరికీ తెలుసు. పెద్దాసుపత్రుల్లో 'లే సెక్రటరీ అండ్ ట్రెజరర్' అనే పోస్టు కూడా ఉంటుంది. అందులో 'లే' అంటే వైద్యం చదవని మనిషి అని. కోట్ల రూపాయల బడ్జెట్‌ను, వందల మంది సర్వీసు వ్యవహారాలను చూసే ఆఫీసరు హోదాలోనే ఆయన ఏమి కాదో రాసి ఉంది, ఏమిటో రాసి లేదు. ఆ పదవి పేరు విన్న ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది. పేరు పెట్టినవాళ్లకు చెడు ఉద్దేశం లేకపోవచ్చు, కానీ ఏళ్ల తరబడి అదే పిలుపు వింటే మనిషి దాన్నే నమ్ముతాడు.

డాక్టర్లు "మీకు ఎమర్జెన్సీ అంటే ఏం తెలుసు, బిల్లు ఆపితే ఆక్సిజన్ ఆగుతుంది" అంటారు. ఆఫీసు వాళ్లు "మీకు ట్రెజరీ అంటే ఏం తెలుసు, ఇండెంటు సరిగ్గా రాయకపోతే బిల్లే కదలదు" అంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే. 2018లో సీఎఫ్ఎంఎస్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చి బిల్లులన్నీ ఆన్‌లైన్ అయినప్పుడు, ఆ విధానం నేర్చుకున్న ఒకరిద్దరు జూనియర్లకు ఒక్కసారిగా విలువ పెరిగింది. అంతకుముందు పేరు కూడా తెలియని ప్రొఫెసర్లు వాళ్ల టేబుల్ దగ్గరకు వచ్చి "తమ్ముడూ, నా బిల్లు ఎక్కడుందో కాస్త చూడవా" అని అడిగేవాళ్లు. తమ చేతిలోని పని తమకే తెలుసు, వేరేవాళ్లకు తెలియదు అన్న నమ్మకం ఏ వృత్తికైనా వెన్నెముక లాంటిది, ఆఫీసు వాళ్లకు ఆ వెన్నెముకను ఒక సాఫ్ట్‌వేర్ ఇచ్చింది. అందులో మంచి ఉంది. తమకే తెలిసిన పనిని పక్కవాళ్లకు నేర్పకుండా దాచుకోవడం కూడా అక్కడే మొదలైంది.

ఆరోగ్యశ్రీ తెచ్చిన మార్పు వేరే రకం. 2007 ఏప్రిల్ 1న ఈ పథకం మొదలైంది మూడు జిల్లాల్లో, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం, మన అనంతపురం. తర్వాత రాష్ట్రమంతా వచ్చింది, ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు ఎన్టీఆర్ వైద్యసేవ అని, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అని, మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ అని మారుతూ వచ్చింది, జనం నోట్లో మాత్రం ఆరోగ్యశ్రీనే మిగిలింది. దాంతో పాటు ఆరోగ్యమిత్ర అనే ఉద్యోగం పుట్టింది. అంతవరకు ఆసుపత్రిలో కాగితం పని చేసేవాళ్లంతా గది లోపల కూర్చునేవాళ్లు. ఆరోగ్యమిత్ర హెల్ప్‌డెస్క్ దగ్గర, రోగి వైపు కూర్చోవాలి. కార్డు చూడాలి, కేసు నమోదు చేయాలి, ప్రీ ఆథరైజేషన్‌కు, అంటే చికిత్సకు ముందస్తు అనుమతికి కాగితాలు పంపాలి, అప్రూవల్ రాకపోతే ఆ బంధువుల ముందు తనే నిలబడాలి. ఫైలు పనీ రోగి పనీ ఒకే మనిషి చేతిలో పెట్టిన మొదటి పోస్టు నాకు తెలిసి ఇదే.

పైగా క్లెయిమ్ సరిగ్గా పంపితే ఆసుపత్రికి డబ్బు వస్తుంది. ఒక ఎక్స్‌రే ఫిల్ము అప్‌లోడ్ కాకపోతే, డిశ్చార్జి తేదీ తప్పు పడితే క్లెయిమ్ వెనక్కి వస్తుంది. ఆఫీసు పని అంటే ఖర్చు రాసేది మాత్రమే అనుకున్న చోట, ఆఫీసు పని వల్ల ఆసుపత్రికి ఆదాయం రావడం కొత్త. కానీ ఈ పని చేస్తున్నది ఎక్కువగా కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ వాళ్లు. నేను కూడా ఆ గుంపులో ఉన్నదాన్నే కాబట్టి చెప్తున్నాను, రోగులు నన్ను 'మేడమ్' అంటారు, రెగ్యులర్ స్టాఫ్ 'ఆ ఆపరేటర్' అంటారు, జీతం వచ్చే నెల వస్తుందో ఆ పై నెల వస్తుందో తెలియదు. నాకు ఆసుపత్రి సొంతమైంది, నేను ఆసుపత్రికి సొంతం కాలేదు. ఉద్యోగం మానేసి ఇన్నేళ్లయినా ఆ బాధ తగ్గలేదు.

కర్నూలుకు ఉన్న ఇంకో ప్రత్యేకత చెప్పాలి. తుంగభద్ర దాటితే ఆలంపూర్, గద్వాల, అది తెలంగాణ. ఇటు పడమరగా పోతే రాయచూరు, బళ్లారి, అది కర్ణాటక. అటూ ఇటూ జనం పెద్ద జబ్బు వస్తే కర్నూలుకే వస్తారు, వాళ్ల తాతల నాటి నుంచి అంతే. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన ఊరు, రాజధాని హైదరాబాద్ పోయాక 1957లో మెడికల్ కాలేజీ వచ్చిన ఊరు. 2014 జూన్ 2 తర్వాత ఆలంపూర్ మనిషి కార్డు వేరే రాష్ట్రానిది అయిపోయింది. "పోయిన తూరి మా యమ్మకు ఈడనే చేసిరి గదప్పా" అని అతను అడుగుతుంటే, రాష్ట్రం రెండయ్యింది అనే సంగతిని చీటీ కౌంటర్‌లో కూర్చున్న మనిషి వివరించాల్సి వచ్చింది. పెద్ద నిర్ణయాలు ఎక్కడో జరుగుతాయి, వాటిని మనిషి ముఖం చూసి చెప్పే పని వీళ్ల మీద పడుతుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడూ అంతే, నంద్యాల, శ్రీసత్యసాయి, అన్నమయ్య కొత్త జిల్లాలకు ఫైళ్లు మూటలు కట్టి పంపారు, ఫైళ్లతో పాటు మనుషుల్నీ పంపారు.

కరోనా గురించి చెప్పకుండా ఈ విషయం పూర్తి కాదు. 2020 ఏప్రిల్‌లో రాష్ట్రంలో ఎక్కువ కేసులు కర్నూలు జిల్లాలోనే ఉన్నాయి. ఆ రోజుల్లో అందరూ డాక్టర్లకు, నర్సులకు, పారిశుధ్య కార్మికులకు చప్పట్లు కొట్టారు, కొట్టాల్సిందే. పాజిటివ్ లిస్టులు ఎక్కించినవాళ్లు, పడకల లెక్క గంట గంటకూ పైకి పంపినవాళ్లు, చనిపోయినవాళ్ల వివరాలు రాసుకోవడానికి ఇంటికి ఫోన్ చేసినవాళ్లు కూడా ఉన్నారు. ఫోన్ ఎత్తిన మనిషికి ఇంకా విషయం తెలియకపోవడం, మేమే మొదటగా చెప్పాల్సి రావడం, అది ఎవరికీ రాకూడదు. మాకు ఎన్-95 మాస్కులు ఇవ్వాలా వద్దా అని పెద్ద చర్చే జరిగింది, ఎందుకంటే మేం 'పేషెంట్ కేర్' కాదు.

కేంద్రం ఆరోగ్య కార్యకర్తలకు 50 లక్షల బీమా ప్రకటించింది. అందులో షరతు ఏమంటే, కోవిడ్ రోగులతో నేరుగా సంబంధం ఉండి, వాళ్ల సేవలో ఉన్నవాళ్లై ఉండాలి. వార్డులో నర్సు చనిపోతే అది నిరూపించడం తేలిక. కేస్ షీట్లు మోసుకొచ్చిన రికార్డు అటెండరు, ఓపీలో చీటీలు రాసిన మనిషి పోతే? అతను రోగికి ఎంత దగ్గరగా కూర్చున్నాడో ఎవరు రాసి పెట్టారు? ఆసుపత్రి మనిషి ఎవరు అనే ప్రశ్న నేను ఇంతసేపు మనసుకు సంబంధించినదిగా చెప్తూ వచ్చాను, ఆ సంవత్సరం అది ఒక కుటుంబానికి డబ్బు వస్తుందా రాదా అన్న ప్రశ్న అయ్యింది.

2021 చివర్లో కోవిడ్ మృతుల కుటుంబాలకు 50 వేల రూపాయల పరిహారం మొదలైనప్పుడు దరఖాస్తులు గుట్టలుగా వచ్చాయి. పాజిటివ్ వచ్చిన తేదీ నుంచి 30 రోజుల్లోపు చనిపోతే, ఇంట్లో పోయినా సరే, కోవిడ్ మరణంగా లెక్కించాలని మార్గదర్శకాలు. అంటే రెండు తేదీలు కలవాలి. మా సెక్షన్‌లో ఒక సీనియర్ అసిస్టెంటు ఉండేవాడు, రూల్స్ అంటే ప్రాణం, అందరూ 'మొండాయన' అనేవాళ్లు. ఆయన ఆ నెలల్లో టెస్టు రిపోర్టు పోగొట్టుకున్న కుటుంబాల కోసం పాత లిస్టులు ఒక్కొక్క పేజీ తిప్పి పేర్లు వెతికాడు, రాత్రి ఎనిమిది దాకా. ఎవరూ అడగలేదు, ఓవర్‌టైమ్ లేదు. "రూల్ ప్రకారం వాళ్లకు వస్తుంది కదమ్మా, రూల్ ఉంది కదా, కాగితం లేదని ఎట్ల ఆపుతాం" అన్నాడు. పదేళ్లుగా అదే రూల్‌తో జనాన్ని వెనక్కి పంపిన మనిషి ఆయన. నాకు అప్పుడు అర్థమైంది, నియమాన్ని పట్టుకుని ఉండటం, రోగి పక్షాన ఉండటం రెండూ ఎదురెదురు అని మనం అనుకోవడం పొరపాటు. ఆయన మారలేదు, ఆయన ముందు ఉన్న పని మారింది, ఆ పనిలో ఆయనకు బాగా తెలిసినది పనికొచ్చింది.

లంచం గురించి మాట్లాడకుండా తప్పించుకుంటే నేను నిజం రాసినట్టు కాదు. ఉంది. కొన్ని చోట్ల కాగితానికి ఇంత అని ఉంది, సొంత ఆసుపత్రి నర్సు ఇంక్రిమెంటు ఫైలుకు కూడా చేయి తడపాల్సిన చోట్లు ఉన్నాయి. దానికి తక్కువ జీతం కారణం అనే మాట నేను నమ్మను, ఎందుకంటే తీసుకునేవాళ్లలో జీతం బాగా ఉన్నవాళ్లే ఎక్కువ చూశాను, నెలల తరబడి జీతం రాని ఆపరేటర్లు అటెండెంట్ల దగ్గర టీ కూడా తాగకపోవడం చూశాను. నాకు కనిపించింది ఇంకోటి. తన పనికి పేరు లేదు, గౌరవం లేదు, తన వల్ల ఎవరికైనా మేలు జరిగినా అది డాక్టరు ఖాతాలో పడుతుంది అని గట్టిగా నమ్మిన మనిషికి, ఫైలు ఆపగలగడం ఒక్కటే తన ఉనికిని చూపించుకునే దారి అవుతుంది. ఆపితేనే జనం తన పేరు అడుగుతారు. దీన్ని సమర్థించడానికి చెప్పట్లేదు, బాధితుల వైపే నేనున్నాను. ఏసీబీ పట్టుకున్నాక ఆ సీటులోకి ఇంకొకరు వస్తారు, ఆ సీటు అట్లాగే ఉంటే ఆ కొత్త మనిషి కూడా అట్లాగే తయారవుతాడు, నా భయం అది.

మరి ఏం చేయాలి? నాకు పెద్ద పథకాలు తెలియవు, చూసినవి చెప్తాను. కొత్తగా చేరినవాళ్లను సీటు అప్పగించే ముందు ఒక వారం ఆసుపత్రిలో తిప్పాలి, క్యాజువాలిటీలో ఒక రాత్రి, కాన్పు వార్డులో ఒక పూట, మార్చురీ బయట పోస్టుమార్టం కోసం ఎదురుచూసే కుటుంబాల దగ్గర ఒక పూట. వార్డు కాగితం అట్లా గజిబిజిగా ఎందుకుంటుందో చూసినవాడు దాన్ని గుడ్డిగా ఎక్కించడు. ఆడిట్ పేరా వచ్చినప్పుడు కింది మనిషి ఒక్కడి మీదే భారం పడకుండా, తప్పు ఏ స్థాయిలో జరిగిందో చూడాలి, అప్పుడే కుదరదు అన్న మాటకు ముందు ఆలోచించే ధైర్యం వస్తుంది. అవుట్‌సోర్సింగ్ వాళ్ల మెడలో వేసే ఐడీ కార్డు మీద ఏజెన్సీ పేరు కంటే పెద్దగా ఆసుపత్రి పేరు ఉండాలి. ఇది చిన్నది అనిపిస్తుంది, మెడలో వేసుకుని తిరిగినవాళ్లను అడగండి.

మొన్న మా పాత ఆఫీసు నుంచి ఒక అక్క ఫోన్ చేసింది. కారుణ్య నియామకం కింద కొత్తగా ఒక అమ్మాయి చేరిందట, చాలా బెదురుగా ఉందట. ఎవరూ ఉత్తర్వు ఇవ్వకపోయినా అక్కే రెండు రోజులు ఆ అమ్మాయిని జనన నమోదు కౌంటర్ దగ్గర తన పక్కన కూర్చోబెట్టుకుందట, పేర్లు రాయించడానికి. "ఉరుకుందమ్మలు ముగ్గురొచ్చిరి ఈ పొద్దు. ముగ్గురి ఆధార్లూ అడిగి, పుట్టినూరు కూడా అడిగింది పిల్ల" అని చెప్పింది.